మా ర్యాకులో మిగిలిన చెప్పులు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరో చనిపోయారని ఎవరూ దిగని ఇంట్లో మేం మూడేళ్లు కిరాయికి ఉన్నాం. గుమ్మానికి కట్టమని మా అత్తగారు వారం వారం నిమ్మకాయలు తెచ్చేవారు. వాటిలో సగం నేను పులిహోరలో పిండేసేదాన్ని. అలాంటిదాన్ని ఇప్పుడు ఇది రాస్తున్నానంటే నాకే చిరాకుగా ఉంది.

మా నాన్న ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫిట్టర్. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నేను పటాన్‌చెరు దగ్గర ఒక సహాయ కేంద్రంలో కౌన్సెలర్‌ని. ఇంట్లో దెబ్బలు తినేవాళ్లు, బయట చెప్పుకోలేనిది జరిగినవాళ్లు మా దగ్గరికి వస్తారు. బోర్డు లేని మామూలు ఇల్లు. నేను, ఊడ్చి తుడిచి తాళాలు చూసుకునే యాదమ్మ, మధ్యాహ్నం దాకా ఒక లాయరమ్మ, అంతే.

మా దగ్గర చెప్పులు బయట విడవకూడదు. ఒకసారి ఒకాయన వరండాలో భార్య చెప్పులు గుర్తుపట్టి లోపలికి దూసుకొచ్చాడు. అప్పటినుంచి తలుపు వెనక ర్యాకు పెట్టి, దానికి పరదా కట్టాం. పై అర వచ్చినవాళ్లకి, కింది అర మాకు.

ఆ ర్యాకే మా హాజరు పట్టీ కూడా. పేరు చెప్పడానికి చాలామందికి రెండు మూడు రోజులు పడుతుంది. అడగం. పైన ఎన్ని జతలుంటే లోపల అంతమంది. ఒక శనివారం నేను చూసుకోకుండా తాళం వేసి వెళ్లిపోయాను. ఒకామె బాత్రూములో కొళాయి తిప్పుకుని ఏడుస్తూ లోపలే ఉండిపోయింది. యాదమ్మ మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం వెనక్కి రాబట్టి సరిపోయింది. పై అర ఖాళీ అయితేనే తాళం అన్న నియమం ఆ రోజు నేనే పెట్టాను.

నేను చెప్పబోయేది కూడా శనివారమే. ఏప్రిల్ నెల, ఎండలు మండిపోతున్నాయి. శనివారం మేం రెండింటికి మూసేస్తాం. ఆ రోజు మూడింటికి మా పాప స్కూల్లో డాన్సు. నేను ఒంటిగంట నుంచే బ్యాగు సర్దుకుని కూర్చున్నాను.

పొద్దున ఇద్దరు వచ్చారు. ఇద్దరూ చెప్పులు వేసుకుని వెళ్లడం నేనూ చూశాను, యాదమ్మా చూసింది. లాయరమ్మ వెళ్లిపోయింది. ఒంటిగంటకు యాదమ్మ ర్యాకు తుడిచి, ఇల్లంతా తడిగుడ్డ పెట్టి, గేటుకు లోపలి గొలుసు తగిలించింది. తర్వాత ఎవరూ రాలేదు. హాల్లో గేటుకు ఎదురుగా కూర్చున్నది నేనే.

రెండింటికి ఐదు నిమిషాలుందనగా నా చెప్పుల కోసం పరదా తీశాను. పై అరలో ఒక జత ఉంది.

మెరూన్ రంగు రబ్బరు చెప్పులు. కుడి చెప్పు పట్టీ తెగితే నీలం ప్లాస్టిక్ పట్టీతో కట్టుకున్నారు, కంపెనీల్లో అట్టపెట్టెలకు బిగిస్తారే, అది. అడుగున ఎండిన ఎర్రమట్టి. తుడిచిన నేల మీద మాత్రం ఒక్క అడుగు మరక లేదు.

రెండు గదులు, బాత్రూము, వంటిల్లు, డాబా అన్నీ వెతికాం. ఎవరూ లేరు. యాదమ్మే చూసుకోలేదని నాకు కోపం వచ్చింది.

"నేనే గీ చేతులతోటి తుడిసిన మేడం, అప్పుడు లెవ్వు," అంది యాదమ్మ. "లోపట ఎవలో ఉన్నట్టే లెక్క. చెప్పులుండంగ తాళమెట్ల ఏస్తం?"

"ఎవరూ లేరని ఇద్దరం చూశాం కదా. పాప ఎదురు చూస్తుంటుంది. పద."

"రూలు మీరే పెట్టిన్రు," అని గడపలో కూర్చుండిపోయింది.

తాళంచెవి ఆమె కొంగుకు ముడేసి ఉంది. పదిహేనేళ్లుగా నాతో పనిచేస్తున్న మనిషి, లాక్కోలేను కదా. చేతులు నలుపుకుంటూ హాల్లో అటూ ఇటూ తిరిగాను. రెండున్నరయింది. మనసులో ఆమెను తిట్టుకున్నాను, అది కూడా రాసేస్తున్నాను.

రెండూ నలభైకి గేటు చప్పుడైంది. చంకలో మూడేళ్ల పిల్లతో ఒకామె గేటు పట్టుకుని నిలబడి ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. ఆ ఎండలో తారురోడ్డు మీద నడిచి అరికాళ్లు బొబ్బలెక్కాయి.

ఆమెను మంజుల అందాం. ఊరు లక్డారం. అంగన్‌వాడీ టీచరు మా అడ్రసు చెప్పిందట. లోపలికి తీసుకుని గొలుసు వేసిన ఐదు నిమిషాలకే భర్త బైకు గేటు ముందు ఆగింది. ఆమె ఇటే వచ్చిందని ఆటో స్టాండులో ఎవరో చెప్పారట. పోలీసులు వచ్చేదాకా గేటు తన్నుతూనే ఉన్నాడు. ఆ తన్నులకు గేటు బోల్టు వంగిపోయింది. రెండింటికే మేం వెళ్లిపోయి ఉంటే అతనికీ ఆమెకీ మధ్య ఆ గేటు ఉండేది కాదు.

పోలీసులు అతన్ని తీసుకెళ్లాక మంజుల మంచినీళ్లు తాగింది. స్టేషన్‌కు వెళ్లాలి, కాళ్లకు ఏమీ లేవు కదా అని యాదమ్మ ఆ మెరూన్ చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. మంజుల కాళ్లు వెనక్కి లాక్కుంది.

"గివి నావే," అంది. "మీరు కంపెనీకి పోయి తెచ్చిన్రా?"

ఆమె చెప్పింది ఇది. భర్త బొంతపల్లి వైపు మందుల కంపెనీలో చేస్తాడు. రోజూ డ్యూటీకి పోతూ ఆమె చెప్పులు సంచిలో వేసుకుని పోతాడు. ఇంటికి తాళం వేయడు. "చెప్పుల్లేని ఆడిది ఎంత దూరం పోతది అంటడు మేడం."

ఆ సాయంత్రం స్టేషన్‌లో అతను భార్య కాళ్ల వైపు చూసి అరవడం మొదలుపెట్టాడు. పొద్దున తన లాకర్లో తనే పెట్టాడట, తాళంచెవి మెడలోనే ఉందట. ఒంటిగంటన్నరకు షిఫ్టు దిగి తీస్తే సంచి ఉంది, చెప్పులు లేవట. ఎవరో ఆమెకు చేరవేశారనుకుని ఉరుకుల మీద ఇంటికి పోయాడు. "నా లాకర్ ఎవడు తెరిసిండు?" అని ఎస్సైనే నిలదీశాడు. పెళ్లాన్ని ఎందుకు కొట్టావని అడిగితే మళ్లీ లాకర్ సంగతే ఎత్తాడు.

కంపెనీలో ఎవరికో జాలి కలిగి మారు తాళంచెవితో తీసి తెచ్చారనుకుందామని చాలా ప్రయత్నించాను. మా అడ్రసు వాళ్లకెలా తెలుసు? లోపలి గొలుసు ఎలా తీశారు? ఆమె మా దగ్గరికే వస్తుందని ఆమెకే పన్నెండు గంటలదాకా తెలియదు. పైగా ఆ చెప్పులు పోబట్టే అతను అంత కోపంతో వెంటపడ్డాడు. అది సాయమో, ప్రాణం మీదికి తేవడమో కూడా నాకు తేలలేదు.

మంజుల ఇప్పుడు సంగారెడ్డిలో కుట్టు పని చేసుకుంటోంది. పిల్ల బడికి పోతోంది. ఆ చెప్పులు అరిగేదాకా వేసుకుని కొత్తవి కొనుక్కుంది. ఆమెకు భయమేమీ లేదు. యాదమ్మకూ లేదు. "అవుసరం ఉండి వచ్చినయ్, గంతే," అంటుంది.

నాకే నిద్ర పట్టదు. ఇప్పుడు శనివారం కూడా ఆరింటిదాకా ఉంటున్నాం, గేటు మీద ఫోన్ నంబరు రాయించాం. అయినా ఆరింటికి పరదా తీసి ఖాళీ అర చూశాక కూడా వెళ్లబుద్ధి కాదు. తాళం వేస్తాను, రోడ్డుకు రెండు వైపులా చూస్తాను, మళ్లీ తీసి పది నిమిషాలు కూర్చుంటాను. యాదమ్మ విసుక్కుంటుంది.

ఆ జత మా ర్యాకులోకి ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ నియమం పెట్టినప్పటి నుంచి ఆ రోజు దాకా ఆరేళ్లు, పై అర ఖాళీగా ఉందని సంతోషంగా రెండింటికల్లా తాళం వేసుకుని పోయాను. ఆ శనివారాల్లో మూడింటికి ఆ గేటు పట్టుకుని ఎవరు నిలబడ్డారో అదీ తెలియదు.