దలా మేస్త్రీ ఇంట్లో అడిగిన నకలు

పోయిన నెల దలాలో మా పెద్ద మేస్త్రీ గారు కాలం చేశారు. నగరం వైపు అహ్లోన్‌లో ఉండే నాకు ఏరు దాటి దలా వెళ్లే పని అందుకే పడింది. ఆయన తాత కూలీల మేస్త్రీగా శ్రీకాకుళం వైపు నుంచి మా వాళ్లను బియ్యం మిల్లు పనికి ఓడలో ఈ దేశానికి తెచ్చినవాడు. దలాలో నేల కొని ఇంటింటికీ చోటు చూపించాడు. మాకు ఇచ్చిన చోటులో ఇప్పుడు నా చెల్లెలు పైడమ్మ ఒక్కతే ఉంటోంది. భర్త లేడు. మా వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. మేస్త్రీ ఇంటి పెద్ద మారితే, ప్రతి కుటుంబం నుంచి పెద్ద మగవాడు వెళ్లి మోకాళ్లూని, రెండు చేతులూ కొత్త పెద్ద చేతుల్లో పెట్టి "మీ మనిషిని" అనాలి. అలా అంటే చోటు నిలుస్తుంది. ఈసారి కొత్త పెద్ద, మేస్త్రీ గారి కొడుకు కో శివ, నేల అమ్మేస్తాడని వినపడుతోంది. ఇక్కడ వయసును బట్టి పేరు ముందు కో (అన్న) అనో ఊ (పెద్దాయన) అనో చేరుస్తారు.

ముందు రోజు సాయంత్రం మనవరాలు తులసి పరీక్షకు చదువుకుంటోంది. పాతకాలం ఇంగ్లండు రాజుల పాఠం. అక్కడా భూమి పొందినవాడు దొర ముందు మోకాళ్లూని, చేతులు ఆయన చేతుల మధ్య పెట్టి "నీ మనిషిని" అనేవాడట. "తాతా, రేపు నువ్వు సేసీది ఇదే గదా," అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. తర్వాత ప్లేగు తెగులు వచ్చి జనం పోయారట. పనివాళ్లు దొరక్క దొరల పట్టు సడలిందట. రైతులు దొర కచేరీ పుస్తకంలో తమ గురించి రాసినదానికి నకలు తీసుకుని దాచుకునేవారట. రాజు మారితే ఊళ్ల వాళ్లు కూడా పాత పట్టాలు పట్టుకెళ్లి కొత్త రాజు ముద్ర వేయించుకునేవారట. "ఆల కాడ కాగితం ఉండీది. మన కాడ ఏటుంది?" అని అడిగింది. రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

ఉదయం ఆరున్నరకు బస్సెక్కి పబేడాన్‌లో దిగాను. మొహింగా, అంటే చేపల పులుసులో సేమ్యా, తిని పాన్సొడాన్ రేవు దాకా నడిచాను. పావుగంట నడక. పడవ టికెట్ ఇక్కడి వాళ్లకు కొన్ని వందల చాట్‌లే, చాట్ అంటే ఇక్కడి రూపాయి. ఏరు దాటడానికి పది నిమిషాలు చాలు. అవతల సైకా ఎక్కాను. అది పక్కన సీటున్న సైకిల్ బండి, మేస్త్రీ ఇంటికి రెండు వేల చాట్‌లు తీసుకున్నాడు. తొక్కేవాడూ మావాడే.

"ఏటి మావా, కొత్త లోంజీ కట్టినావు. పెళ్లేటి?"

"మేస్త్రీ ఇంటికిరా."

"మొక్కడానికా? నాను మొన్నే మొక్కొచ్చీసినాను. మోకాలు పట్టీసింది గాని మనసు నెమ్మదించింది."

"ఇంకేటీ అడగనేదా?"

"మనవేటి అడుగుతాం మావా?"

కో శివ నలభై ఏళ్ల మనిషి. కుర్చీలో ఇబ్బందిగా కూర్చున్నాడు. నేను మోకాళ్లూని చేతులు పెట్టాను, మాట అన్నాను. "లెగండి, ఊ అప్పన్నా," అన్నాడు. నేను చేతులు తీయలేదు.

"ఇంకేటైనా ఉందా?"

"మీ తాతల పుస్తకంలో మా సోటు గురించి రాసుంటాది బాబూ. దానికి నకలు కావాల."

కో శివ తన చేతులు వెనక్కి తీసుకున్నాడు. "బేరం ఒచ్చింది, నిజవే. కాగితం ఇస్తే ఆ సోటు నాను అమ్మనేను."

"అందుకే అడుగుతన్నాను."

లోపలికెళ్లి పుస్తకం తెచ్చాడు. "తెలుగు సదవడం నాకు రాదు. మీరే సదవండి."

నాది ఊరిబడి చదువు. కూడబలుక్కుని చదివాను. కాలువ గట్టు నుంచి వెదురు పొద దాకా చోటు మాది అని ఉంది. చివర ఇంకో మాట ఉంది: మిల్లులో మా పని ఉన్నంతకాలం. మిల్లు మూసి ఎన్నో ఏళ్లయింది. అయినా ఆ మాటా పైకి చదివాను.

కో శివ నా వైపే చూశాడు. "అది ఒదిలీసుంటే నాకు తెల్సీదా?"

"తెల్సీది కాదు."

ఆయన కలం తీసి ఇచ్చాడు. "మీరే రాయండి. ఆ మిల్లు మాట ఒద్దు. నాను సంతకం ఎడతాను. పేరు మీదేనా?"

పుస్తకంలో అన్నీ మగవాళ్ల పేర్లే. "పైడమ్మ అని రాస్తాను బాబూ. ఉండీది అదే," అన్నాను.

మధ్యాహ్నం ఆ కాగితం చెల్లెలికి ఇచ్చాను. దానికి చదువు రాదు. "నా పేరేది, అన్నా?" అని అడిగి, చూపించిన చోట వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

తిరిగి వస్తూ పడవలో ఆలోచించాను. మా తాత, మా అయ్య మాట మీదే బతికారు. వాళ్లది తెలివితక్కువ కాదు, మాట ఇచ్చినవాళ్లు ఎదురుగా ఉన్నారు. మాకు ఆ మనుషులు లేరు, అందుకే కాగితం. అది రేపు కచేరీలో ఎంతవరకు నిలుస్తుందో నాకు తెలియదు. చెల్లెలు మాత్రం ఆ వారంలోనే ఇంటి కప్పు మార్పించింది.

దలా చూడాలనుకునే విదేశీయులకు ఒక మాట. మీకు టికెట్ ధర వేరు, రేవులో పాస్‌పోర్టు అడుగుతారు. నకలు ఒప్పుకోకపోవచ్చు, అసలుదే పట్టుకెళ్లండి.