ఫైరింజనులో ఆరో మనిషి

మా ఇంట్లో ఆడపిల్లలు గోడకి చేరగిలబడకూడదు. అది మా నాయనమ్మ పెట్టిన నియమం. రైసు మిల్లు పోయింది, మాగాణి పోయింది, చివరికి మేడ కూడా పరాయివాళ్ళదై మేం రెండు గదుల అద్దె వాటాలోకి మారాం. నియమం మాత్రం మాతోనే వచ్చింది. "ఆస్తి పోతే పోయింది, వెన్నెముక ఎవడూ వేలం వెయ్యలేదుగా" అనేదావిడ. ఆ వంశంలో మిగిలింది నేనొక్కదాన్నే. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద జర్మనీ వచ్చినప్పుడు ఆ వెన్నెముక తప్ప వెంట తెచ్చుకున్నది పెద్దగా లేదు.

ఉద్యోగం ఎర్లాంగెన్‌లో. అక్కడ ఇల్లు దొరక్క, బస్సు దారిలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో దిగాం, నేనూ మా ఆయనా పాపా. మూడు వైపులా ఏరు చుట్టిన ఊరు. ఇసుకరాతి గుట్ట మీద పై ఊరు, ఏటి ఒడ్డున కింది ఊరు. కింది ఊరి కోటగుమ్మం రాతి మీద పాత వరదలు ఎంతెత్తు వచ్చాయో గీతలు చెక్కి ఉంటాయి. ఊరి చుట్టూ చేపల చెరువులు, పాత ఇళ్ళ పొగగొట్టాల మీద కొంగల గూళ్ళు.

ఒకప్పుడు ఇది జిల్లా కేంద్రం. ఎప్పుడో జిల్లాలు కలిపేసినప్పుడు ఆ హోదా పోయింది. తర్వాత కోర్టు పోయింది. తర్వాత రైలు పోయింది, పట్టాల మీద ఇప్పుడు సైకిళ్ళ బాట ఉంది. పాత జిల్లా అక్షరాలతో కారు నంబర్లు మళ్ళీ తీసుకోవచ్చని ప్రభుత్వం అన్నప్పుడు మా వీధి చివరి ముసలాయన వెంటనే వెళ్ళి మార్పించుకొచ్చాడట. నేను వచ్చాక కూడా ప్రతి శనివారం కారంతా వదిలేసి ఆ నంబరు ప్లేటునే తుడిచేవాడు. ఊళ్ళో కుర్రకారు నవ్వేవాళ్ళు. నాకు నవ్వు రాలేదు.

ఇక మిగిలింది ఫైరింజను. ఇలాంటి ఊళ్ళలో మంటలార్పేవాళ్ళు జీతగాళ్ళు కారు, ఊరివాళ్ళే. మునిసిపాలిటీ కప్పు మీద సైరను మోగితే ఎవరి పని వాళ్ళు వదిలేసి పరుగెత్తాలి. వాళ్ళ నాయకురాలు మందుల షాపు నడిపే ఆవిడ. పాపకి దగ్గు మందు ఇస్తూ ఒకరోజు ఆవిడే చెప్పింది. పగలు ఊళ్ళో జనం ఉండటం లేదు, అందరూ ఉద్యోగాలకి పోతారు. ఆరుగురు ఎక్కకపోతే బండి కదలకూడదు. పగటిపూట ఐదుగురే తేలుతున్నారు. ఇలాగే ఉంటే వచ్చే ఏడు శీతాకాలం ముందు జరిగే కౌన్సిల్ సమావేశంలో బండిని పక్క ఊరికి ఇచ్చేస్తారు.

"మీరు చాలా రోజులు ఇంటి నుంచే పని చేస్తారు కదా?" అంది.

"చేస్తాను. వస్తాను" అన్నాను. మందు సీసా కౌంటరు మీదే మరిచిపోయి ఇంటికి వచ్చేశాను.

మా ఆయన పడీ పడీ నవ్వాడు. "ఏంటీ, నువ్వా? మీ ఇంట్లో నీళ్ళ బిందె ముట్టుకున్నావా ఎప్పుడైనా?"

"మేడ అమ్మేశాక రోజూ మోశాను. మీకు తెలీదు."

ఆయన నవ్వాపి, నేను మరిచిపోయిన మందు సీసా తేవడానికి బయల్దేరాడు.

మొదటి సాయంత్రం నన్ను పక్కన నిలబెట్టి చేసిన సాధన అయ్యాక అందరూ మునిసిపాలిటీ ఎదురుగా ఉన్న భోజనశాలకి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. పదిమందిలోకి కొత్తగా వెళ్ళినప్పుడు ముందు పెట్టే చెయ్యి మనదై ఉండాలన్నది నేను పెరిగిన పద్ధతి. కూర్చోగానే బల్ల చుట్టూ అందరికీ ఒక రౌండు బీరు నా పేర చెప్పాను, నాకు ఆపిల్ రసం.

అందరూ నావైపు తిరిగారు.

"ఏం విరగ్గొట్టావు?" అని అడిగింది మందుల షాపావిడ. షాపులో 'మీరు' అన్న మనిషి ఇక్కడ 'నువ్వు' అంటోంది. ఫైరింజను దగ్గర అందరూ నువ్వేనట.

"ఏమీ విరగ్గొట్టలేదు."

"మరి రౌండెందుకు? ఇక్కడ పనిలో తప్పు చేసినవాళ్ళే రౌండు ఇస్తారు. నువ్వింకా గొట్టం కూడా ముట్టుకోలేదు. తప్పు చేసే అర్హత రాలేదు నీకు."

అందరూ పెద్దగా నవ్వారు. ఎవరి గ్లాసుకు డబ్బు వాళ్ళే ఇచ్చుకున్నారు. నా రసానికి నేను ఇచ్చుకున్నాను. చెవులు మండిపోతున్నా నిటారుగా కూర్చుని, అందరికన్నా ఆఖర్న లేచాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "జమీందారిణి గారు సంభావన ఇవ్వబోతే పుచ్చుకునేవాళ్ళు లేరన్నమాట. ఇంక మానేస్తావా?" అన్నాడు.

"అర్హత రాలేదందిగా. తెచ్చుకుంటాను."

చలికాలమంతా గొట్టాలు చుట్టాను, విప్పాను, మళ్ళీ చుట్టాను. తడిసిన గొట్టం బరువు భుజానికి ఒక రకంగా తెలుస్తుంది, చేతికి ఇంకో రకంగా. ముళ్ళు వెయ్యడం వంటింట్లో పప్పు ఉడికేలోపు కుర్చీ కాలికి తాడు కట్టి నేర్చుకున్నాను. పాప ఆ కుర్చీ నాకెందుకివ్వవని జర్మన్‌లో పోట్లాడేది. వసంతంలో పరీక్ష పెట్టారు, నెగ్గాను. ఆ రాత్రి భోజనశాలలో నాకు ఎవరూ ఏమీ ఇప్పించలేదు. నేను అడగలేదు.

ఆకులు రాలే రోజులొచ్చాయి. కౌన్సిల్ సమావేశానికి వారం ముందు, ఒక పనిదినం మధ్యాహ్నం, ఆఫీసు మీటింగులో ఉండగా సైరను మోగింది. హెడ్‌ఫోను బల్ల మీద పడేసి పరుగెత్తాను. నేను చేరేసరికి బండిలో ఐదుగురు కూర్చుని ఉన్నారు, తలుపు తెరిచే ఉంది. ఎక్కాను. కదిలింది. పిల్లల బడి కంచె దగ్గర చిన్నపిల్లలు సైరనుకి వంత పాడుతూ గెంతుతున్నారు. హెల్మెటు కింద ఉన్నది తనమ్మేనని వాళ్ళలో ఉన్న మా పాప గుర్తుపట్టలేదు.

కింది ఊళ్ళో బేకరీ వెనక చెక్కల షెడ్డు అంటుకుంది. పక్కనే ఇళ్ళు. గొట్టంలోకి నీళ్ళు వదిలే వాల్వు దగ్గర నన్ను నిలబెట్టారు. 'వాసర్ మార్ష్' అని కేక వినబడితే నీళ్ళు వదలాలి, అంతవరకు చెయ్యి కదలకూడదు. మందుల షాపావిడ గొట్టం కొస పట్టుకున్నవాళ్ళకి ఏదో చూపిస్తూ ముందుకి వంగింది. మంట చూరు అందుకోవడం కనబడింది. నా చెయ్యి ఆగలేదు. కేక రాకముందే తిప్పేశాను. నీళ్ళు మొదట ఆవిడకి తగిలాయి, ఆ తర్వాతే షెడ్డుకి. నిలువెల్లా తడిసిన ఆవిడ నావైపు ఒక్క చూపు చూసి పనిలో పడింది. ఇళ్ళు దక్కాయి.

సమావేశంలో ఊరివాళ్ళు మాట్లాడే వేళ రాగానే ఆవిడ లేచింది. "పోయిన వారం పట్టపగలు సైరను మోగింది. ఆరుగురం ఎక్కాం. ఆరో మనిషి ఇక్కడే ఉంది" అని నన్ను లేవమంది. లేచాను. నంబరు ప్లేటు ముసలాయన వెనక వరసలోంచి, "ఇంకేం పోనివ్వాలి మేము?" అని అరిచాడు. కౌన్సిల్ సభ్యుల్ని చేతులెత్తమన్నారు. బండి ఊళ్ళోనే ఉండిపోయింది.

భోజనశాలకి వెళ్ళాం. నేను కూర్చోకముందే ఆవిడ బల్ల మీద పిడికిలితో కొట్టి, "పోయిన వారం నాకు స్నానం చేయించినవాళ్ళెవరో వాళ్ళకి గుర్తుండే ఉంటుంది" అంది.

లేచి నిలబడ్డాను. మా నాయనమ్మ చూస్తే మెచ్చుకునేంత నిటారుగా నిలబడి, అందరికీ ఒక రౌండు నా పేర చెప్పాను. ఈసారి ఎవరూ ఎందుకని అడగలేదు.