పెద్దమ్మ పలకని పేరు

కిందటి నెల మనవరాలూ, దాని మొగుడూ నన్ను కారెక్కించుకుని సముద్రం చూపిస్తామని తీసుకెళ్ళారు. కళింగపట్నం ఒడ్డున ఒక పెద్ద బోర్డు ఉంది. ఈ దారిలో చూడదగిన చోట్లన్నీ దాని మీద రాశారు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఎక్కడ రాత కనబడినా కూడబలుక్కుని చదవందే కాలు కదలదు. ఒత్తులు ఇప్పటికీ నన్ను తిప్పలు పెడతాయి. కళింగపట్నం, భావనపాడు, బారువ, పక్కన శ్రీకూర్మం. నేను చదవడం అయ్యేదాకా పిల్లలు పాపం ఎండలో నిలబడ్డారు. "ఈటిల్లో నువ్వేటేటి సూసేవు నానమ్మా?" అంది మనవరాలు. "అన్నీ సూసేను" అన్నాను. అది నవ్వింది. పొయ్యి ముందు నుంచి నేనెప్పుడు లేచానని దాని అనుమానం. నిజంగానే అన్నీ చూశాను, అదీ ఒక్క ప్రయాణంలో. అయితే ఆ రోజుల్లో సముద్రాన్ని చూడ్డానికని ఎవరూ వెళ్ళేవారు కాదు. మాఘ పున్నమికి మునగడానికి వెళ్ళేవారు. లేదంటే మాలాగా వెతుక్కోవడానికి వెళ్ళేవారు.

మా అమ్మకి అక్క, అంటే నాకు పెద్దమ్మ. ఆమెకి పిల్లల్లేరు. నడక వచ్చిన నాటి నుంచి నేను వాళ్ళింట్లోనే పెరిగాను. పెదనాన్నకి కాస్త వరిమడి, కాస్త మెట్ట. మెట్టలో ఉలవలూ చోళ్ళూ పండించేవాడు. ఆయన నడకకంటే ఎద్దుల నడకే నయమని పెద్దమ్మ విసుక్కునేది. మొగుడి పేరు పెళ్ళాం నోట వస్తే అతని ఆయుష్షు తగ్గుతుందని మా వైపు నమ్మకం. అందరూ పాటించేదే కానీ, పెద్దమ్మ పట్టింపు మరీ ఎక్కువ. పెదనాన్నది దేవుడి పేరు. ఆ దేవుడి గుడికి వెళ్ళినా "ఆ సామి" అని దండం పెట్టేది తప్ప దేవుణ్ణి కూడా పేరుతో తలిచేది కాదు. ఓటు వెయ్యడానికి వెళ్తే అక్కడి ఆయన మొగుడి పేరు అడిగాడు. పెద్దమ్మ వెంట వెళ్ళిన నా వీపు మీద తట్టి, "సెప్పే గుంటా" అంది. ఇంట్లో ఆయన్ని పిలవడానికి ఆమెకున్నది ఒకటే మాట, ఇదిగో. ఇదిగో, నీళ్ళు తోడేను. ఇదిగో, ఎద్దు పలుపు తెంపుకున్నాది. పెదనాన్న అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ, "మా అయ్య నాకెట్టిన పేరు దండగైపోనాది గుంటా. ఇదిగో అనే ఎట్టేస్తే సరిపోను" అనేవాడు.

అరవైల చివర్లో ఒక మాఘ పున్నమికి మేం బళ్ళు కట్టుకుని కళింగపట్నం వచ్చాం. దీపస్తంభం నుంచి వంశధార కలిసే చోటు దాకా ఇసక కనబడనంత జనం. పెదనాన్న తన పొందూరు పంచె మడిచి పెద్దమ్మ చేతికిచ్చి, తువ్వాలు కట్టుకుని నీళ్ళలోకి దిగాడు. నేను వెనకాల మూటల దగ్గర ఉన్నాను. అందరూ మునిగి వచ్చేస్తున్నారు, ఆయన మాత్రం పొద్దుకి ఎదురుగా కళ్ళు మూసుకుని దండం పెడుతూ నిలబడ్డాడు. ఆయనకి దండం పెట్టడం కూడా నెమ్మదే. కాళ్ళ కింద ఇసక జారి, తెలియకుండానే ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు జరిగిపోతున్నాడు. అక్కడ లాగుడు ఉంటుందని జాలర్లు పొద్దున్నే చెప్పారు. ఇంతలో దూరాన ఒక పెద్ద అల లేచింది. పెద్దమ్మ చూసింది. "ఇదిగో! ఇదిగో, ఎనక్కి రా!" అని గొంతు చించుకుంది.

ఎంతోమంది మగవాళ్ళు వెనక్కి తిరిగారు. పెదనాన్న తిరగలేదు. ఆ పొద్దున ఆ ఒడ్డున ప్రతి ఆడదీ అదే మాట అరుస్తోంది. ఇదిగో తువ్వాలు, ఇదిగో పిల్లడ్ని పట్టు, ఇదిగో ఇంక సాలు. మా ఇంట్లో ఇదిగో అంటే ఆయనొక్కడే. అక్కడ అందరూ ఇదిగోలే. వాటిల్లో తనది ఏదో ఆయన ఎలా పోల్చుకుంటాడు? నేను మూటలు వదిలేసి "పెదనాన్నా" అని పరిగెత్తేసరికి అల విరిగిపోయింది. నీళ్ళు చదునయ్యాక అక్కడ ఎవరూ లేరు.

పొద్దుగూకేదాకా పడవలేసుకుని వెతికారు. మర్నాడు ఒక జాలరి ముసలమ్మ పెద్దమ్మ పక్కన కూర్చుని, "ఈ రోజుల్లో నీరు ఉత్తరం దిక్కు లాగుతాది తల్లీ. సంద్రం ఏదీ దాసుకోదు, ఏదో ఒడ్డున ఎట్టేస్తాది. పేరెట్టి పిలుసుకుంటా ఎల్లండి" అంది. గుప్పెడు బూడిదైనా మా ఊరి మట్టిలో కలవాలని పెద్దమ్మ పంతం. పెదనాన్న తమ్ముడు, నాకు చిన్నాన్న, మాతో బయల్దేరాడు కానీ అన్న పేరు పెట్టి ఎలా పిలుస్తానని తల వంచేసుకున్నాడు. అప్పుడు పెద్దమ్మ నా వీపు మీద తట్టింది. "సెప్పే."

అలా ఆ తీరమంతా నేను పెదనాన్న పేరు పిలుచుకుంటూ నడిచాను. వంశధార పడవ మీద దాటాం. బండి దొరికితే బండి, లేకపోతే కాలినడక. భావనపాడులో ఎండు చేపల వాసన, తిరగేసిన తెప్పలు, వాటి నీడన వలలు బాగుచేసుకుంటున్న మనుషులు. నేను సిగ్గుపడుతూ మెల్లగా పిలిచాను. "ఏటే ఆ పిలుపు, కోడిపిల్లని పిలిసినట్టు! సంద్రానికి ఇనపడాలా, నీకు ఇనపడాలా?" అని ఒకామె కసిరింది. ఆమే మళ్ళీ మాకు గంజి పోసి, ఊరి పొలిమేర దాకా నాతోపాటు అరుస్తూ వచ్చింది. ఒకచోట ఒడ్డున నల్లగా ఏదో కనబడితే ముగ్గురం పరిగెత్తాం. అది మొదలంటా పెకలిన తాటిమాను.

బారువ చేరేసరికి పొద్దు వాలుతోంది. కొబ్బరితోటల వెనక మహేంద్రగిరి మసగ్గా ఉంది. ఇప్పుడు చిత్రంగా ఉంటుంది కానీ, అంత అందమైన ఒడ్డు నేను మళ్ళీ చూడలేదు. ఆ అందం మీద నాకు ఇంకా కోపం పోలేదు. "ఇంక ముందుకెలితే ఒడిసా వదినా. ఎనక్కి పోదాం" అన్నాడు చిన్నాన్న. నేను నోరు తెరవబోయాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వొద్దులే" అంది. అన్నాళ్ళూ చంకలోనే ఉన్న పంచె నాకిచ్చి, మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళింది. పేరు పెట్టి పిలిచింది. కొత్తగా చదువు నేర్చినవాళ్ళు అక్షరాలు కూడబలికినట్టు విరిచి విరిచి మొదట, తర్వాత ఆపకుండా. తన మొగుడి పేరు ఆమె నోట ఎలా ఉంటుందో ఆమెకే మొదటిసారి వినబడుతోంది.

"తప్పు వదినా" అన్నాడు చిన్నాన్న, ఏడుస్తూ.

"ఇంకేటి ఆయుస్సు తగ్గిపోతాదిరా?" అంది పెద్దమ్మ.

తిరిగి వచ్చేటప్పుడు శ్రీకూర్మంలో ఆగాం. గుడిలో పెద్ద పంతులుగారు అంతా విని, "ఆనవాలు దొరకలేదు కనక పన్నెండేళ్ళు ఆగాలమ్మా. అంతవరకూ నువ్వు సువాసినివే. బొట్టు తియ్యకు" అన్నారు. జాలితోనే అన్నారు. ప్రాకారంలో ఒక తాబేలు మా అడుగుల చప్పుడికి తల లోపలికి లాక్కుంది. పెద్దమ్మ దాన్నే చూస్తూ తలూపింది. ఆ పన్నెండేళ్ళూ పొద్దున్నే బొట్టు పెట్టుకుంది. పేరంటాలకి పిలిచేవారు, తీరా కుంకుమ పళ్ళెం ఆమె దగ్గరకొచ్చేసరికి ఇచ్చే చెయ్యి ఆగేది. కొన్నాళ్ళకి ఆమే వెళ్ళడం మానేసింది. గడువు తీరాక దర్భలతో మనిషిని చేసి దహనం చేశారు. ఆ రోజు ఆమె ఏడవలేదు. ఆమె ఏడుపు బారువలోనే అయిపోయింది.

నాకు అక్షరాలు నేర్పిన పిల్ల ఒకరోజు నా మొగుడి పేరు రాయమంది. రాశాను. పైకి చదవమంటే నవ్వి ఊరుకున్నాను. రాస్తే దోషం లేదని నేనే ఒక శాస్త్రం కల్పించుకున్నాను. మా ఆయన పోయి చాలా కాలమైంది, అయినా నోరు రాదు.

కిందటి నెల ఆ బోర్డు దగ్గర నేనిదంతా తలుచుకుంటూ ఉండగానే మనవరాలి మొగుడు ఫోను పైకెత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగాడు, ఏటి మొగ వైపే. నేను నోరు తెరిచేలోపు మనవరాలు వాడి పేరు పెట్టి, ఒడ్డంతా వినబడేలా, "ఒరేయ్, ఎనక్కి రారా!" అని అరిచింది. పక్కనున్న ముసలాయన ఈ కాలం పిల్లలని మూతి ముడిచాడు. అంత జనంలోనూ వాడొక్కడే తిరిగాడు. నవ్వుతూ నీళ్ళు తన్నుకుంటూ బయటికొచ్చాడు.

కాలం మారిపోయిందని అందరూ అంటూ ఉంటారు. ఎంత మారిందో నేను ఆ ఒడ్డున చూశాను. ఒక మనిషి వెనక్కి తిరిగి చూసేంత మారింది.