నొక్కితే అందుతన్నాదా?

మా మాస్టారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను ఆయనతో కలిసి రాసిన ప్రోగ్రామే తెరిచి కూర్చున్నాను. "మీ మాస్టారు ఎల్లిపోనారు బాబూ. పొద్దున్న టీ తాగి పడక్కుర్చీలో కూకున్నోరు, కూకున్నట్టే..." అన్నారు. పని సేవ్ చేసి, కంప్యూటర్ మూసి, శ్రీకాకుళం బస్సెక్కాను.

నాగావళి వంతెన దగ్గర ఒక మేడ మీద రెండు గదుల్లో ఆయన కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. నేను అక్కడే నేర్చుకుని, ఆయన దగ్గరే పనికి కుదిరాను. మార్కులు బాగా వచ్చినవాణ్ణని నాకు కొంచెం గీర ఉండేది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ఎవరు ప్రోగ్రామ్ రాసి తెచ్చినా ముందు మౌస్ పీకి సొరుగులో పడేసేవారు. "ఇప్పుడు నడుపు, సూద్దాం" అనేవారు. అది చాదస్తమని మేం వెనక నవ్వుకునేవాళ్లం.

పొందూరులో ఒక ఖాదీ నేత కేంద్రానికి చీర అంచుల డిజైన్లు గీసే ప్రోగ్రామ్ ఆయన రాసిచ్చారు. దాన్ని వాడేది ఒక్కావిడే. చిన్నప్పట్నుంచీ నేసి నేసి కుడి మణికట్టు పట్టేసి, మగ్గం వదిలేసి ఆ పనికి మారింది. మౌస్ పట్టలేకపోయేది. బాణం మీటలతో ఒక్కో గడీ దాటుతూ, అంకె నొక్కి రంగు నింపుతూ, కళ్లు గళ్ల కాగితం మీదే ఉంచి గీసేది.

కొన్నేళ్లకు ఆ ప్రోగ్రామ్‌కి ఆధారమైన ఫ్రేమ్‌వర్క్ పాతబడిపోయింది. అంచు పెద్దది చేసి చూస్తే పువ్వులన్నీ మెట్లు మెట్లుగా కనిపించేవి. మొత్తం తీసి పారేసి కొత్తదాంట్లో రాద్దామన్నాను. మాస్టారు నేత ఇంట్లో పుట్టినవారు. "పడుగు అయిపోనాదని మా అమ్మ మగ్గం ఖాళీ సేసీది కాదురా. పాత పోగుల కొసలు అలాగే ఉంచి, ఏళ్లకి బూడిద అద్దుకోని, కొత్త పోగుల్ని ఒక్కోటీ పురెట్టి అతికీది. పాతది లాగితే దాని ఎనకే కొత్తది వస్తాది" అన్నారు. సరే, అలాగే చేశాం. మిగతావన్నీ పాతవి ఉంచి, గీసే తెర ఒక్కటీ కొత్తగా రాసి, పాతదాంట్లోంచి తెరుచుకునేలా కలిపాం. రాసింది నేను. పరీక్షించింది కూడా నేనే, మౌస్‌తో, మాస్టారు చూసేలోపే.

ఇద్దరం పొందూరు వెళ్లాం. ఆవిడ కొత్త తెర తెరిచింది. పువ్వులు నున్నగా వచ్చాయి. అంకె నొక్కింది. గడి నిండలేదు. మళ్లీ నొక్కింది. చేతులు వెనక్కి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

"నానేటో సెడగొట్టీసినాను మాస్టారూ. ఇంక నా వల్ల కాదు. సదువుకున్న పిల్లనెవర్నయినా ఎట్టుకోమని సెప్పండి" అంది.

మగ్గం ఎలాగూ పోయింది, ఇప్పుడిదీ పోతోందన్న దిగులు ఆ ముఖంలో కనిపిస్తూనే ఉంది. నేను పెద్ద తెలివైనవాడిలా, "మౌస్‌తో అయితే వస్తుందండీ" అన్నాను.

మాస్టారికి కోపం రావడం నేను చూసింది అదొక్కసారే. "ఆయమ్మ సెయ్యి మారమంటావేటిరా? నువ్వు రాసింది మార్సు!"

చూస్తే తప్పు చిన్నదే. పాత ప్రోగ్రామ్‌లోంచి తెరిచిన కొత్త తెరకు మనం కొట్టే అంకెలూ అక్షరాలూ వాటంతటవి చేరవు. చేర్చమని ఒక్క వాక్యం విడిగా రాయాలి. నేను రాయలేదు. అక్కడే కూర్చుని మధ్యాహ్నానికి పట్టుకున్నాం. మాస్టారు ఆవిడ పక్కన స్టూలు వేసుకుని, "తప్పు మాదమ్మా. ఇప్పుడు నొక్కు. అందుతన్నాదా?" అన్నారు.

గడి నిండింది. "అందుతన్నాది" అంది, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

తర్వాత ఏటా ఒకటో రెండో తెరలు మారుస్తూ వచ్చాం. నేను ఉద్యోగానికి విజయనగరం వచ్చేశాక కూడా రాసేది నేను, పొందూరుకి ఫోన్ చేసి అడిగేది ఆయన. కుశల ప్రశ్నల కంటే ముందు "అందుతన్నాదా అమ్మా?" అనేవారు. ఆవిడ నొక్కి చూసి చెప్పేదాకా ఫోన్ పెట్టేవారు కాదు. ఆ రోజు నన్ను కసిరినందుకు ఆయనకు కృతజ్ఞతలు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

ఫోన్ వచ్చిన పొద్దున నేను సేవ్ చేసి మూసింది ఆఖరి పాత తెర మార్పు. పదకొండో రోజు అయ్యాక పూర్తి చేసి పంపాను. పొందూరుకు ఫోన్ కలిపాను.

"అందుతన్నాదా అమ్మా?" అన్నాను.

ఫోన్‌లో వెనకెక్కడో మగ్గం ఆడుతున్న చప్పుడు. దాని మధ్య మీటల చప్పుడు, ఒకటి, ఆగి ఇంకొకటి.

"అందుతన్నాది బాబూ" అంది.

ఫోన్ మాత్రం ఇద్దరమూ పెట్టెయ్యలేదు. అటు మీటలు టకటకమంటూనే ఉన్నాయి.