నాన్న మొలతాడుకు వేలాడిన మంచుముక్క

బడి గంట కూడా ఫోన్లోనే మోగిన ఆ లాక్‌డౌన్ రోజుల్లో మాకు వంటగదే ప్రయోగశాల. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. సూరత్‌లో, వడోద్ అనే పేటలో మా ఒంటిగది ఇల్లు. మరమగ్గాలు ఆగిపోయి నాన్న కూడా ఇంట్లోనే. ఒకరోజు సైన్సు సారు ఫోన్లో, మంచుముక్క మీద తడి దారం వేసి, ఉప్పు చల్లి, ముడి వెయ్యకుండానే పైకి లేపమన్నారు. "మా నాన్న మగ్గం నడుపుతాడు సార్, నేనే ముందు చూపిస్తా" అని చెయ్యెత్తాను (గొప్పలకు పోవడం అప్పటికే అలవాటు). క్లాసు మొత్తం నా కోసం ఆగింది.

నాన్న ధీమాగా తెల్ల దారం తెచ్చాడు. జారిపోయింది. నీలం దారమూ అంతే, మెరిసే జరీ అయితే మంచుకు అంటనే లేదు. అవతల పిల్లలు కిసుక్కుమంటున్నారు. "కాటన్ ధాగా లో, బేటా" అని నూలు దారం తీసుకోమంటున్నారు సారు. మా ఇంట్లో ఉన్న దారమంతా నీళ్లు పీల్చని పాలిస్టరేనని అప్పుడు తెలిసింది! "నేతోళ్ల ఇంట్ల నూలుపోగు లేకపోవుడేంది!" అని నాన్న తల పట్టుకున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

అది చూసి నాన్న చటుక్కున చొక్కా ఎత్తి మొలతాడు ముడి మీద చెయ్యేశాడు. అది అసలు సిసలు నూలు. "ఏందిర గిది! మొగోడు మొలతాడు ఇప్పుతడా?" అని మూలన కూర్చున్న నానమ్మ కేకేసింది.

"ఇప్పుతలేనే అవ్వా, ఉన్నకాడనే చేస్త" అంటూ నాన్న పళ్లెం ముందు మోకాళ్ల మీద కూర్చుని, వేలాడే కొసను తడిపి మంచు మీద పెట్టాడు. "జర ఉప్పెయ్యి బిడ్డా." కంగారులో మంచు మీద కొంత, నాన్న పొట్ట మీద కొంత చల్లాను. కాసేపాగి నాన్న మెల్లగా లేచాడు. మంచుముక్కా లేచింది! బొడ్డు కింద ఊగుతోంది. "హో గయా సార్!" అని గంతులేశాను. ఫోన్లో ఒకటే ఈలలు. చల్లగా తగిలినప్పుడల్లా "అబ్బబ్బా" అంటూనే నాన్న ఫోన్ ముందు అటూ ఇటూ తిరిగి "సబ్‌కో దిఖా క్యా?" అని అడిగాడు. అందరూ చూశామనేదాకా చొక్కా దించలేదు.

అప్పుడు నాకు మంచుముక్క తప్ప ఇంకేమీ కనబడలేదు. ఇప్పుడు తలచుకుంటే, క్లాసు పిల్లలందరి ముందు పొట్ట చూపిస్తూ, వణుకుతూ, నాకంటే ఎక్కువ మురిసిపోతున్న నాన్నే కనబడతాడు. ఎంత పిచ్చిదాన్నో, ఆ ప్రయోగం నేనే చేశాననుకుని వారం పాటు తల ఎగరేసుకు తిరిగాను.