బళేపేట మేడ మీద నా దావా

నా చిన్నప్పుడు బళేపేటలో మా తాతయ్య గాజుల అంగడి పైన ఒక చిన్న గది ఉండేది. దాన్ని ఆయన ఒక కొత్త వకీలుకి ఆఫీసుకని అద్దెకి ఇచ్చారు. హిందూపురం వైపు నుంచి వచ్చిన ముస్లిం. వాళ్ళవాళ్ళలో నల్లకోటు వేసుకున్న మనిషిని మా వీధి అంతకుముందు చూడలేదు. అందుకేనేమో, ఎన్ని తలుపులు తట్టినా ఆయనకి గది దొరకలేదట. మేమంతా ఆయన్ని వకీలు సాబు అనేవాళ్ళం.

గదైతే దొరికింది గానీ కేసులు రాలేదు. పాపం, పొద్దస్తమానం ఈగలు తోలుకుంటూ కూర్చునేవారు. ఖాళీ అంగట్లో ఎవరూ అడుగు పెట్టరని మా తాతయ్య నమ్మకం. అందుకని మేడ మీది బెంచీ మీద మమ్మల్ని కూర్చోబెట్టే ఉపాయం పన్నారు. నాయనమ్మా నేనూ కక్షిదారుల్లా ముఖాలు వేలాడేసుకుని కూర్చోవాలి. నాయనమ్మకి నవ్వు ఆగేది కాదు. నాకు మాత్రం నటించే పని లేకపోయింది. ఐదో తరగతితో నా చదువు చాలని తాతయ్య అప్పుడే తేల్చేశారు. పెద్ద బడికి మార్కెట్ దాటి వెళ్ళాలి, ఆడపిల్లని ఒంటరిగా ఎలా పంపడమని ఆయన బెంగ.

ఒక మధ్యాహ్నం బెంచీ మీద నేనొక్కదాన్నే ఉన్నాను. వకీలు సాబు సరదాగా, "ఏమ్మా, నీ దావా ఏంది?" అన్నారు. నేను భోరున ఏడ్చేశాను. ఏడుస్తూనే అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. కాగితం తీసుకుని నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. చివర, "అవతలివాళ్ళ మాట గూడా వినాల కదమ్మా" అంటూ మెట్లు దిగారు.

గది ఇచ్చిన మనిషితోనే వాదనకి దిగితే ఆ గది ఉంటుందా? వకీలు సాబు గాజుల పెట్టెల మధ్య నిలబడి తాతయ్య చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. తర్వాత నా తరఫున మాట్లాడారు. ఒకప్పుడు తనకీ చదువెందుకన్నారని, ఎవరో ఒకరు అడ్డం పడి మాట్లాడబట్టే ఇంతవాణ్ణయ్యానని చెప్పారు. తాతయ్య ముఖం ఎర్రబడింది.

"అదంతా సరేప్పా. మీ ఇంట్లో చెల్లెలు ఉండాది కదా, దీని ఈడుదే. నువ్వు పంపిస్తాండావా?"

వకీలు సాబు తల వంచుకుని మేడెక్కేశారు. ఆ అమ్మాయిని బడి మాన్పించింది ఈయనేనని నాకు తర్వాత తెలిసింది. తల వంచుకుని మేడెక్కేశారు. నా పని అయిపోయిందని నేను ఆ పూట అన్నం ముట్టలేదు.

మూడో రోజు పొద్దున ఆయన నా ఈడు పిల్ల చెయ్యి పట్టుకుని అంగడి ముందు నిలబడ్డారు. ఆ పిల్ల భుజాన కొత్త పుస్తకాల సంచీ.

"తప్పు నాదే శెట్టిగారూ. నిన్ననే బళ్ళో చేర్పించినా. ఇంక మీ పిల్ల ఒక్కతే పోయే పని లేదు."

తాతయ్య నాయనమ్మని కేకేసి, బడికి వెళ్ళడానికి నాకు జడ వేయమన్నారు. మేమిద్దరం ఆరేళ్ళు కలిసి నడిచాం. తన అంగడి మీద కోర్టులో నడుస్తున్న దావా కాగితాలు కూడా తాతయ్య ఆయన చేతికే ఇచ్చారు. ఆ తర్వాత వీధంతా ఆ మెట్లే ఎక్కింది, బెంచీ మీద మాకు చోటు లేకపోయింది. చాలా ఏళ్ళకి ఆయన జడ్జి కుర్చీలో కూర్చున్నారు. వాళ్ళవాళ్ళలో ఆ కోర్టుకి ఆయనే మొదటివారట. ఆ కబురు విని మా తాతయ్య కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

నేను టీచరునై, రిటైరై, ఇప్పుడు అదే ఊళ్ళో ఇంకో చివర కుందలహళ్ళిలో ఉంటున్నాను. మొన్న మా ఇంట్లో పనిచేసే ఆమె కూతుర్ని బడి మాన్పిస్తానంది. నాకు ఒళ్ళు మండింది. నాలుగు చివాట్లు పెట్టబోయి ఆగి, ఎందుకని అడిగాను. పొద్దున్నే ఆమె మా ఇంటికి వచ్చేస్తే చంటివాణ్ణి ఆ పిల్లే చూసుకోవాలట. "నువ్వు పంపిస్తాండావా?" అన్న మా తాతయ్య ప్రశ్న ఇన్నేళ్ళకి నా ముందుకొచ్చి నిలబడింది.

ఆ పిల్ల బడికి వెళ్తోంది. వాళ్ళమ్మ ఇప్పుడు దాన్ని బడికి సాగనంపి, చంటివాణ్ణి ఎత్తుకుని పది గంటలకి వస్తుంది. పొద్దుటి గిన్నెలు నేనే తోముకుంటున్నాను.