అలిసిపోయినట్టు అన్న మాట

పదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లో చెప్పలేదు. ప్రార్థనలో కూడా దాన్ని దాటవేయడం అలవాటైపోయింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి నేను పెద్దను. అన్నను పాస్టర్‌గా తెచ్చింది నేనే. సొంత అన్న కాదు, అంతకంటే ఎక్కువ. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒకే ఫ్లాట్‌లో ఉన్నాం. నాకు వంట నేర్పాడు, నా ఏడుపు చూశాడు. ఆయన ప్రసంగం మొదలుపెడితే మా బిర్యానీలు చల్లారిపోయేవి. మనవాడే కదా, నా మాట కాదనడనుకున్నాను. అన్న ఎప్పుడు ఎవరి మాట విన్నాడు గనక?

2012 క్రిస్మస్‌కు ఆయనొక నాటకం రాశాడు. పాతకాలపు ఇంగ్లండ్ రాజు తన ప్రాణస్నేహితుణ్ణే ఆర్చ్‌బిషప్‌ను చేస్తాడు. చర్చి విషయంలో ఆ స్నేహితుడు రాజుకు లొంగడు. విసిగిపోయిన రాజు, ఇతని పీడ వదిలించేవాడే లేడా అంటాడు. అది విన్న భటులు వెళ్ళి బిషప్‌ను చంపేస్తారు. నేను రాజును, అన్న బిషప్. మా ఇంట్లో భోంచేసే నలుగురు స్టూడెంట్ కుర్రాళ్ళు భటులు. రిహార్సల్లో నేను ఆ మాట గట్టిగా అరిస్తే అన్న ఆపాడు.

"అరవకురా. అలిసిపోయినట్టు అను. అప్పుడే వాళ్ళు కదుల్తారు."

మరుసటి ఏడాది క్రిస్మస్ ఆరాధనలో ఒక రాజకీయ నాయకుడి చేత, పాస్టర్ ప్రసంగించే పుల్పిట్ మీద నుంచి మాట్లాడిస్తానని మాటిచ్చి వచ్చాను. అన్న ఒప్పుకోలేదు. భోజనాల దగ్గర మాట్లాడించుకో, పుల్పిట్ మీద మాత్రం దేవుని వాక్యమే అన్నాడు. నా పరువు పోయిందనిపించింది. ఆ వారం కుర్రాళ్ళకు వడ్డిస్తూ, ఈయన్ని దించేవాడు మీలో ఒక్కడూ లేడా అన్నాను. సరదాకే అన్నానా? అలాగని నాకు నేను ఎన్నిసార్లు నచ్చజెప్పుకున్నానో. కానీ అరవలేదు. అలిసిపోయినట్టు అన్నాను. ఫ్లాట్లు చూసిపెట్టి, అన్నం పెట్టి, 'అంకుల్' అని పిలిపించుకున్న పిల్లలు నా మాటను ఎలా తీసుకుంటారో నాకు తెలియదా?

ఆదివారం అన్న ప్రసంగానికి లేవగానే ఆ నలుగురూ లేచి, మీరు మాకు వద్దు, దిగండి అన్నారు. అందరి ముందు, అన్న కూతురి ముందు. ఆయన బైబిలు మూసి దిగిపోయాడు. నేను ముందు వరుసలో, ప్రార్థన చేస్తున్నవాడిలా కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

అన్న మా సంఘం వదిలి ఆక్లాండ్ వెళ్ళిపోయే రోజు, కారులో సామాను సర్దుతూ అడిగాడు.

"వాళ్ళకి నువ్వేమన్నా చెప్పావేంట్రా?"

"ఛ, నేనెందుకు చెప్తానన్నా?"

"నాకు తెల్సులే. నువ్వలాంటోడివి కాదు. పాపం, వాళ్ళనేం అనకు. చిన్నపిల్లలు."

అయినా అన్నాను. సంఘమంతా చూస్తుండగా వాళ్ళను మందలించింది నేనే. తలొంచుకుని విన్నారు. నా పేరు చెప్పలేదు.

ఇప్పటికీ నేను ఆక్లాండ్‌లో శాండ్రింగ్‌హామ్‌లోని వాళ్ళింటికి వెళితే అన్న నా పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డిస్తాడు. ఆ ప్రేమ పోతుందనే భయంతోనే నోరు విప్పలేదు. ఈసారి విప్పుతానని మీకు మాటివ్వలేను. ఇంతవరకూ రాశాక మాత్రం ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. మా అన్నను దించింది ఆ పిల్లలు కాదు. నేను.